రెండు తాళాల గది

ఆ కాలేజీలో గది ఎవరిదని అడిగితే ఎవరూ కాగితం చూపించరు, తాళం చూపిస్తారు. ఎవరి తాళం వేలాడుతుంటే గది వాళ్ళది. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అయినా ప్రిన్సిపాల్ మొదలుకుని గేటు దగ్గరి కాపలా మనిషి వరకు అందరూ దానికే తలవంచుతారు. ఏదైనా గది ఖాళీ అవుతోందని గాలివార్త వచ్చిందా, ఆ పూట నుంచీ నాలుగు శాఖల పెద్దలు జేబుల్లో తాళంకప్పలు వేసుకుని ఆ వరండాలో పచార్లు చేస్తుంటారు. అడిగితే కాస్త గాలి కోసం వచ్చామంటారు.

ఈ తాళాల రాజ్యాన్ని చూసుకోవడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకావిడ ఉంది. గుమ్మం మీద ఎస్టేట్ ఆఫీసర్ అని బోర్డు ఉంటుంది. భవనాలు, నేల, నీళ్ళ ట్యాంకులు, బెంచీలు, ఫ్యాన్లు, మురుగు కాలువలు, ఆటస్థలంలో పెరిగే గడ్డి, అన్నీ ఆవిడ నెత్తి మీదివే. వెనకాల అందరూ ఆవిణ్ణి జమీందారిణి అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా ఉడుక్కోదు, ఎందుకంటే ఇంట్లో మొగుడు అంతకన్నా ఎక్కువే ఉడికిస్తాడు. ఇంత ఎస్టేటు ఏలే జమీందారిణిగారికి మన అద్దె వాటాలో తడి బట్టలు ఆరేసుకునే చోటు దొరకలేదా అంటాడు. నా ఎస్టేటులో మీకూ ఒక ఉద్యోగం వేయిస్తాను, బట్టలారేసే పని ఖాళీగా ఉంది అంటుంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకుంటారు. మొత్తానికి సుఖంగా బతుకుతున్న మనిషే.

ఆవిడ పని తీరు ఒకటే. ఎవరొచ్చి ఏది అడిగినా కాదనదు, ఔననదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "పదండి, చూసొద్దాం" అంటుంది. అగ్గిమీద గుగ్గిలమై వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని కాలేజీ అంతా తిప్పుతుంది. గ్రంథాలయం దాటేసరికి ఆ మనిషి గొంతు సగానికి దిగుతుంది. ఆటస్థలం చుట్టి వచ్చేసరికి కోపం కాస్తా మోకాళ్ళ నొప్పుల కబుర్లలోకి మారుతుంది. తిరిగి ఆఫీసు గుమ్మం చేరేలోగా, అడిగినదాంట్లో సగం వాళ్ళంతట వాళ్ళే వదిలేసుకుంటారు. మిగిలిన సగం ఆవిడ ఎలాగోలా సర్దుతుంది. తాళం పగలగొట్టడం మాత్రం ఆవిడ చెయ్యదు. ఆవిడకు ముందున్న ఆఫీసరు ఒకసారి ఆ పని చేశాడు. మర్నాటికల్లా కాలేజీలో ప్రతి తలుపుకీ రెండో తాళం పడింది. సుద్దముక్కల అల్మరాకు కూడా.

అలాంటి జమీందారిణికి ఆ ఏడు ఒక చిక్కు వచ్చి పడింది. ఆ చిక్కుకు ఇంకా ఏడాది నిండలేదు, పళ్ళు కూడా రెండే.

లెక్కల లెక్చరర్ కాన్పు సెలవు ముగించుకుని తిరిగి పనిలో చేరింది. పసివాడు ఇంకా తల్లిపాలు మానలేదు. అందుకని రోజూ ఆమె అత్తగారు మనవణ్ణి చంకనేసుకుని కోడలి వెంటే కాలేజీకి వచ్చి, ఎస్టేట్ ఆఫీసు ఎదురుగా వరండాలో ఉన్న బెంచీ మీద కూర్చునేది. అందరూ ఆవిణ్ణి నానమ్మ అనడం మొదలుపెట్టారు. ఉదయం పూట ఆ బెంచీ మీద ఎండ పడుతుంది, గాలివాన వస్తే జల్లు కొడుతుంది. పిల్లాడు అప్పుడే కన్ను మూస్తాడా, సరిగ్గా తల మీద గంట మోగుతుంది, ఉలిక్కిపడి లేచి కాలేజీ ఎగిరిపోయేలా ఏడుస్తాడు. కోడలు తరగతి మధ్యలో సుద్దముక్క వదిలేసి పరుగెత్తుకొచ్చేది. పాలివ్వడానికి చాటు లేదు. మెట్ల కింద చీపుళ్ళూ బకెట్లూ పెట్టే సందులో నిలబడి ఇచ్చేది. నానమ్మ సందుకు అడ్డంగా నిలబడి, అటు వచ్చినవాణ్ణల్లా కళ్ళతోనే వెనక్కి పంపేది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఈ నానమ్మ మొగుడు ఆ కాలేజీలోనే చరిత్ర మాస్టారు, ఆ శాఖకు పెద్ద. లెక్చరర్ కన్నతండ్రి కూడా అక్కడే, రసాయనశాస్త్రం మాస్టారు, ఆ శాఖకు పెద్ద. అంటే పిల్లాడి తాతలిద్దరూ ఆ ఆవరణలోనే ఉన్నారు. ఒక తాతకి పాఠం లేనప్పుడు ఆయనా, ఇంకో తాతకి లేనప్పుడు ఈయనా బెంచీ దగ్గరికి వచ్చి మనవణ్ణి ఎత్తుకుని ముద్దు చేసేవాళ్ళు. కానీ పిల్లాణ్ణి తమ గదుల్లోకి తీసుకెళ్ళే వీల్లేదు. రసాయనం వైపు వాసనలు పెద్దవాళ్ళకే దగ్గు తెప్పిస్తాయి. చరిత్ర వైపు నలుగురు మాస్టర్లు ఒక్క గదిలో మోచేతులు రాసుకుంటూ కూర్చుంటారు, గుమ్మంలో ఎప్పుడూ విద్యార్థుల గుంపు.

ఇంతకుముందు ఇదే ఇబ్బందితో ఇద్దరు లెక్చరర్లు ఉద్యోగం మానేశారు. మూడో మనిషి కూడా అదే దారి పట్టబోతోందని జమీందారిణికి ఒక మధ్యాహ్నం తెలిసింది. లెక్చరర్ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఈ నెలాఖరు దాకా చూస్తానండీ. అత్తయ్య ఆ బెంచీ మీద పడే అవస్థ చూస్తూ పాఠం చెప్పలేకపోతున్నాను. నాకు పాఠం చెప్పడం ఇష్టం. కానీ ఇలా కాదు."

అంతవరకు బాగానే చెప్పింది, తర్వాత కళ్ళనీళ్ళు ఆగలేదు. జమీందారిణి కూజాలోంచి నీళ్ళు పోసిచ్చింది. ఆమె పాఠం చెబుతుంటే వరండాలోంచి వెళుతూ తాను ఎన్నిసార్లు ఆగి విన్నదో గుర్తొచ్చింది. లెక్కలంటే భయంతోనే చదువు ముగించిన మనిషి తను. ఆ పిల్ల చెబుతుంటే మాత్రం, మళ్ళీ ఒకసారి బెంచీ మీద కూర్చుంటే బాగుండుననిపించేది. ఈ అమ్మాయి వెళ్ళిపోతే కాలేజీకి కన్నం పడుతుందని గట్టిగా అనిపించింది.

ఆ సంగతి నానమ్మకూ తెలిసే ఉంది. ఆవిడ తీరు వేరు.

"చూడు తల్లీ, అది ఉద్యోగం మానేస్తే దానికి పోయేది జీతం, నాకు పోయేది మనశ్శాంతి. ఖాళీగా ఇంట్లో కూచుంటే నా వంటింట్లో కూడా లెక్కలు చెబుతుంది. నాకో గది చూడు. కిటికీ, కుళాయి, నడుం వాల్చే చోటు. అంతకన్నా నేనేం అడగను."

జమీందారిణి ఆ రోజంతా కాలేజీలో గదులన్నీ మనసులో తిరిగింది. కిటికీ, కుళాయి రెండూ ఉండి, ఎవరూ వాడనిది ఒక్కటే తేలింది. ఆ ఒక్కటి తలుచుకోగానే ఆవిడకు తలనొప్పి కూడా వచ్చింది.

పాత భవనంలో కింది అంతస్తు చివర, చరిత్ర వరండా రసాయనం వరండాతో కలిసే మూల ఒక గది ఉంది. తోట వైపు పెద్ద కిటికీ, గోడకు సింకు, పగలంతా చల్లటి నీడ. తలుపుకు పైన ఒక గడియ, కింద ఒక గడియ. పై గడియకు రసాయనం మాస్టారి తాళం, కింది గడియకు చరిత్ర మాస్టారి తాళం. ఒకప్పుడు ఆ గది ఇద్దరూ పంచుకునేవారట. ఒక పక్క చరిత్రవాళ్ళ పటాలు, ఇంకో పక్క రసాయనంవాళ్ళ సీసాలు ఉండేవట. తర్వాత మాటా మాటా వచ్చింది. ఆ మాట ఏమిటో ఇప్పుడు ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ఒకాయన తాళం వేశాడు, మర్నాడు రెండో ఆయన వేశాడు. అప్పట్నుంచి ఆ తలుపు తెరుచుకోలేదు. ప్రతి ఏడూ ప్రిన్సిపాల్ అడగడం, మా పటాలున్నాయని ఒకాయనా, మా గాజు సామానుందని ఇంకొకాయనా అనడం, సరే మీరే తేల్చుకోండని ప్రిన్సిపాల్ టీ తెప్పించుకోవడం మామూలైపోయింది.

ఇద్దరి పిల్లలూ ఒకర్నొకరు ఇష్టపడి పెళ్ళాడతామన్నప్పుడు, ఇంకేముంది, వియ్యంకులయ్యాక తాళాలు వాటంతటవే ఊడిపోతాయని కాలేజీ అంతా అనుకుంది. అదేమీ జరగలేదు. పెళ్ళికొడుకు తండ్రిని, నేను వెళ్ళి అడగడమేమిటని చరిత్ర మాస్టారు బిర్రబిగుసుకున్నాడు. పిల్లనిచ్చినవాణ్ణి, గది కూడా ఇవ్వమంటారా అని రసాయనం మాస్టారు భీష్మించుకున్నాడు. ఇళ్ళలో కలిస్తే బావగారూ అంటే బావగారూ అని ఒకళ్ళ కంచంలో ఒకళ్ళు వడ్డించుకుంటారు. గది మాట వస్తే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడతారు.

మనవడి కోసమైతే ఎందుకు తెరవరు, తాతలు కారా అనుకుంది జమీందారిణి. ఆ ధీమాతోనే తన పాత మందు ప్రయోగించింది. ఒక ఉదయం ఇద్దర్నీ పిలిచి, పదండి మాస్టారూ, చూసొద్దాం అని బయలుదేరదీసింది. వెనకాల నానమ్మ, ఆవిడ చంకలో పిల్లాడు. తోట చుట్టూ తిప్పింది, ట్యాంకు చూపించింది, కొత్తగా వేసిన కాలువ చూపించింది. తాతలిద్దరూ పిల్లాడికి పిట్టల్ని చూపిస్తూ ముచ్చటగానే నడిచారు. తీరా ఆ గది ముందు ఆగి, వీడి కోసం ఒక్కసారి తాళాలు తీస్తారా అని ఆవిడ అడిగేసరికి ఇద్దరి మొహాల్లోనూ రక్తం లేదు. చరిత్ర మాస్టారు జేబులు తడుముకుని తాళంచెవి ఇంట్లో మరిచానన్నాడు. ఆ మాట విని రసాయనం మాస్టారు, తడుముకోను కూడా తడుముకోకుండా, నేనూ అంతే అన్నాడు. నానమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఇంటికి రండి, మీ సంగతి చెబుతానని మొగుడితో అంది. ఆ సంగతేదో చెప్పే ఉంటుంది, ఎందుకంటే మర్నాడు చరిత్ర మాస్టారు భోజనం డబ్బా లేకుండా వచ్చాడు. తాళం మాత్రం తీయలేదు.

జమీందారిణికి ఒళ్ళు మండింది. ఇంతలా పంతం పట్టే తాతలు ఎందుకు తగలడ్డారని ఇంట్లో మొగుడి దగ్గర విసుక్కుంది. కానీ అన్నం తింటూ, వాళ్ళ మొహాలు మళ్ళీ గుర్తు చేసుకుంటే ఏదో తేడాగా తోచింది. పంతం పట్టినవాళ్ళ మొహాలు ఆవిడకు కొత్త కాదు, అవి ఎర్రబడతాయి. వీళ్ళవి పాలిపోయాయి. అది కోపం కాదు, భయం. ఆ గది చూసి ఎందుకు భయపడాలి?

మర్నాడు పని చేసుకుంటూ ఆవిడ అదే ఆలోచించింది. ప్రతి రోజూ పొద్దున్నే ఆవిడ బల్ల ముందు ఫిర్యాదుల జాతర. మా గదిలో ఎలుకలు పుస్తకాలు కొరికాయి, మా అల్మరాకు చెమ్మ పట్టింది, మా పైకప్పు కారుతోంది, మా కిటికీకి చిలుకు ఊడింది. సామాను ఉన్న ప్రతి గది నుంచీ ఏడాదికి ఒక్కసారైనా ఏడుపు వినిపిస్తుంది. ఆ మూల గది నుంచి మాత్రం తాను పనిలో చేరిన రోజు నుంచీ ఒక్క ఫిర్యాదు లేదు. కాగితం పటాలున్న మనిషి చెమ్మ గురించి అడగడా? గాజు సామానున్న మనిషి ఎప్పుడైనా ఒక సీసా కావాలనడా? ఎలుకలు కూడా ఆ గడప తొక్కలేదంటే లోపల వాటికి తినడానికి ఏమీ లేదన్నమాట.

ఆవిడ చేతిలోని కలం కింద పెట్టింది. ఆ గది ఖాళీ. తాళాలు పడకముందే ఇద్దరూ ఎవరికి వారు తమ సామాను తీసేసుకుని, తీసేసుకున్న సంగతి దాచి, అవతలివాడి సామాను తన తాళం కింద బందీగా ఉందని మురిసిపోతూ ఏళ్ళు గడిపేశారు. ఇప్పుడు తలుపు తెరిస్తే, ఇన్నాళ్ళు ప్రిన్సిపాల్ ముందు, సాటివాళ్ళ ముందు, చివరికి వియ్యంకుడి ముందు ఆడిన అబద్ధం బయటపడుతుంది. అదీ వాళ్ళ భయం. ఖాళీ గదికి ఇద్దరు పెద్దమనుషులు కాపలా కాశారన్నమాట. ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. మనవణ్ణి చూసినప్పుడల్లా వాళ్ళు లోపల ఎంత నలిగిపోతున్నారో అప్పుడు అర్థమైంది. వీళ్ళకి కావలసింది బుద్ధి చెప్పేవాళ్ళు కాదు, పరువు పోకుండా బయటపడే దారి చూపేవాళ్ళు.

దారి చెదల రూపంలో దొరికింది. పాత భవనంలో రెండు మూడు గుమ్మాలకు నిజంగానే చెద పట్టింది. మందు కొట్టే పనివాళ్ళు వచ్చేవారం వస్తారు. గదులన్నీ ముందే ఖాళీ చేయాలి, గుమ్మాలన్నీ చూడాలి. ఆవిడ ఇద్దరు మాస్టర్లకూ విడివిడిగా కబురు పెట్టింది. మూల గదిలో సామాను మీరు మొయ్యనక్కర్లేదు, తాళంచెవి నాకివ్వండి, నేనొక్కదాన్నే తలుపు తీసి చూసుకుంటాను, ఎవరిది ఏమున్నా మూడో కంటికి కనపడదు, మూడో చెవికి వినపడదు అని చెప్పించింది.

ఆ సాయంత్రమే చరిత్ర మాస్టారు వచ్చాడు. తలుపు చేరవేసి, గోడ మీద క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మా పటాలు కొంచెం తక్కువే ఉంటాయి."

"ఎన్నుంటే అన్నే మాస్టారూ."

"అసలు లేవనుకో."

ఆవిడ తల ఊపింది. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి, వియ్యంకుడికి మాత్రం తెలియనివ్వవద్దని బతిమాలాడు. మనవణ్ణి ఎండలో చూసి ఇంటికి వెళితే ముద్ద దిగడం లేదన్నాడు. ముద్ద దిగకపోవడానికి డబ్బా రాకపోవడం కూడా కొంత కారణమని ఆవిడ అనుకుంది కానీ పైకి అనలేదు.

రసాయనం మాస్టారు మర్నాడు వచ్చాడు. ఈయన దారి వేరు, ముందు కాసేపు అరిచాడు. చెదల మందు నాణ్యత మీద, ప్రిన్సిపాల్ మెతకతనం మీద, దేశకాల పరిస్థితుల మీద అరిచాడు. ఆవిడ విన్నది. అరుపులు అయిపోయాక మాస్టారు కూర్చున్నాడు.

"సీసాలు అప్పుడే మేడ మీదికి మార్పించేశాను. ఆయన తాళం వేస్తే మావి లోపల ఇరుక్కుంటాయని ముందే జాగ్రత్తపడ్డాను."

"మరి ఇన్నాళ్ళూ మీ తాళం ఎందుకండీ?"

"ఆయన పటాలున్నాయిగా లోపల." అలా అంటున్నప్పుడు కూడా ఆయన గొంతులో పాత గర్వం తొంగిచూసింది. మరుక్షణమే తల దించుకున్నాడు. "నా కూతురు చీపుళ్ళ సందులో నిలబడి పిల్లాడికి పాలిస్తోంది. నేను ఖాళీ గదికి తాళం వేసుకు కూర్చున్నాను. నన్నేమనాలో మీరే చెప్పండి."

ఏమీ అనక్కర్లేదంది ఆవిడ. తాళంచెవి ఇచ్చారుగా, ఇంక మిగతాది నాకు వదిలెయ్యండి అంది. ఆ క్షణంలో ఆయన మీద ఆవిడకు నిజంగా గౌరవం కలిగింది.

రెండు తాళంచెవులూ చేతికొచ్చాక ఆవిడ ఒక్కతే వెళ్ళి తలుపు తెరిచింది. లోపల దుమ్ము, ఒక కాలు విరిగిన కుర్చీ, సింకులో సాలెగూడు. అంతే. కిటికీ రెక్కలు తోస్తే తోటంతా లోపలికొచ్చినంత వెలుతురు పడింది. ఆవిడ కిటికీ గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ గుమ్మం దాకా చెద కూడా రాలేదు, కొయ్య నిక్షేపంగా ఉంది. కాబట్టి అక్కడ మందు అవసరం లేకపోయింది. పసివాడుండే గదికి అదే మంచిది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. కుళాయి మనిషి వచ్చి తుప్పు పట్టిన పైపు మార్చాడు. వడ్రంగి కిటికీకి చిలుకులు బిగించి, తలుపు పైగడియా కింది గడియా ఊడదీసి, లోపలి వైపు మాత్రం ఒక చిన్న గొళ్ళెం పెట్టాడు. గోడలకు సున్నం పడింది. హాస్టల్లో వాడని మంచం ఒకటి, వ్యాయామశాలలో మిగిలిన మెత్తటి చాప ఒకటి, ప్రిన్సిపాల్ గదిలోంచి ఒక వాలుకుర్చీ వచ్చాయి. ప్రిన్సిపాల్ కుర్చీ ఇస్తూ, తేల్చేశారే అని ఆశ్చర్యపోయి టీ తెప్పించుకున్నాడు. గంట మోత ఆ మూలకు మెత్తగా మాత్రమే వినిపిస్తుంది. ఇది ఒక్క లెక్చరర్‌కే కాదు, పసిబిడ్డ ఉన్న తల్లులందరికీ అని ఆవిడ ముందే గట్టిగా చెప్పింది.

గది సిద్ధమైన ఉదయం నానమ్మ వాలుకుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, అమ్మయ్య అంది. పిల్లాడు చాప మీద బోర్లాపడి తన లోకంలో తానున్నాడు. జమీందారిణి సింకు దగ్గర కుళాయి తిప్పి చూస్తోంది. అప్పుడు చరిత్ర మాస్టారు తలుపు తోసుకుని వచ్చి, ఆ ఖాళీ గోడల్ని చూసి ఆగిపోయాడు. ఆయన వెనకే రసాయనం మాస్టారు వచ్చాడు, ఆయనా ఆగిపోయాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"బావగారూ," అన్నాడు చరిత్ర మాస్టారు మెల్లిగా, "వీడి కోసం అంత సామానూ తీయించేశారు. నేను అనుకోలేదు."

రసాయనం మాస్టారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "మీరు మాత్రం? ప్రాణంగా చూసుకునే పటాలు. నాకు మాట రావడం లేదు బావగారూ."

ఆ మాటలంటూనే ఇద్దరూ దొంగచూపులు జమీందారిణి వైపు చూశారు. ఆవిడ కుళాయి నుంచి తల ఎత్తలేదు. నీళ్ళు బాగా వస్తున్నాయి, అయినా ఇంకో రెండుసార్లు తిప్పింది. వెనకాల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఎవరిదో చూడలేదు. తిరిగి చూసేసరికి ఇద్దరు తాతలూ చాప మీద చతికిలబడి, మనవడి చెరో చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు.

అంతటితో కథ కంచికి వెళ్ళి ఉంటే ఆవిడకు అదే పదివేలు. కానీ ఆ వారంలోనే రసాయనం మాస్టారు మళ్ళీ ఆఫీసుకు వచ్చాడు, ఈసారి అరవకుండా. ప్రయోగశాల పక్కన తమకున్న చిన్న గదిని ఇచ్చేస్తానన్నాడు. బావగారి పటాలు ఎక్కడ మూలుగుతున్నాయో, వాటిని ఆ గదిలో పెట్టించండి, నేనిచ్చానని ఆయనకు చెప్పకండి అన్నాడు. ఆయన అలా వెళ్ళాడో లేదో, మర్నాడు చరిత్ర మాస్టారు హాజరు. వాళ్ళ శాఖ వెనకవైపు, పాత జవాబు పత్రాలు కుక్కి పెట్టిన గది తాళంచెవి తెచ్చాడు. బావగారి గాజు సామాను పాపం ఏ వరండాలో పడుందో, దీంట్లో సర్దించండి, మేం నలుగురం ఎలాగూ ఒకే గదిలో అలవాటుపడ్డాం అన్నాడు.

జమీందారిణి ఆ రెండు తాళంచెవుల్నీ అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆవిడ చెవిన పడింది ఒకటే మాట, ఇవ్వండి. గది ఇవ్వండి, బెంచీ ఇవ్వండి, చోటివ్వండి. తీసుకోండి అన్న మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఇద్దరు, అదీ ఆ గదిలో అసలు లేని సామాను కోసం. ఆ గదులకు అప్పటికే మనసులో మనుషులు కుదిరారు. ఒకటి, మైదానంలో చెట్టుకింద బంతుల మూట పెట్టుకుని కూర్చునే ఆటల మాస్టారికి. ఇంకొకటి, మధ్యాహ్నం డబ్బాలు మెట్ల మీద తినే ఆడపిల్లలకు. సామాను మాటేమిటని మాస్టర్లు తర్వాత అడిగితే, దానికి చోటు సరిపోయింది, మీరు దిగులు పెట్టుకోకండి అని చెబుదామనుకుంది.

నానమ్మను మాత్రం మభ్యపెట్టడం ఎవరి తరం? ఒకరోజు పిల్లాడు నిద్రపోతుండగా ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఈయన పటాలన్నీ మా అటక మీద ఉన్నాయి తల్లీ, ఎప్పట్నుంచో. మరి ఈ గదిలోంచి నువ్వు తీయించింది ఏమిటి?"

"ఒక విరిగిన కుర్చీ, పిన్నిగారూ."

"అన్నయ్యగారి సీసాలు?"

జమీందారిణి నవ్వు ఆపుకుంటూ కిటికీ రెక్క సర్దింది. నానమ్మకు అర్థమైపోయింది. చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని, పిల్లాడు లేవకుండా, కుర్చీ ఊగిపోయేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"వాళ్ళకు చెప్పకు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మేం ఆ పెళ్ళికి అన్ని ఆడాల్సిన పని కూడా పడలేదు. మిగిలిన వాటిలో ఇదొకటి వాడుకుందాం."

వాడుకుందామనే ఇద్దరూ తీర్మానించుకున్నారు.

కొన్నాళ్ళ తర్వాత జమీందారిణి పై అంతస్తులో కారుతున్న పైపు చూసి దిగుతూ లెక్కల తరగతి పక్కగా వచ్చింది. లోపల లెక్చరర్ బోర్డు నిండా ఏదో లెక్క వేస్తోంది. మధ్యలో గంట మోగింది. ఇంతకుముందైతే ఆ గంటకే సుద్దముక్క గాల్లో ఉండగానే ఆమె గుమ్మం దాటేది. ఇప్పుడు వెనక్కి కూడా చూడలేదు. ఇంకో దారిలో కూడా ఇదే జవాబు వస్తుంది, అది చూసి వెళదాం అంటూ బోర్డు సగం తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లలు గంటైపోయిందని గొణిగారు, గొణుగుతూనే రాసుకున్నారు. జమీందారిణి చేతిలో పానా అలాగే పట్టుకుని ఆ రెండో దారి ఎక్కడికి పోతుందో చూడ్డానికి కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడకు చాలా సంతోషంగా ఉంది. నెలాఖరు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ చూసుకోలేదు.